మేత పోరంబోకులో యూరియా చల్లితే ఏం మిగిలింది?

సంపాదకుల వారికి నమస్కారం.

మా ఊరి మేత పోరంబోకులో సగానికి నాలుగేళ్ల కిందట కంచె వేశారు. పశుగ్రాసం పెంచుతామని లోపల యూరియా కూడా చల్లారు. మొదటి ఏడాది వానలకు గడ్డి మోకాలు దాటి లేచింది. అందరం సంబరపడ్డాం. ఈ శ్రావణంలో మళ్లీ లోపలికి వెళ్లి, గడ్డి పక్కకు తోసి చూశాను. అడుగున నేలంతా ఎండిన ఆకే. పైన ఒకే రకం పొడుగు గడ్డి. కంచెకు ఇవతల, గొర్రెలు తిరిగే చోట, చాప పరిచినంత మేరలో గరిక, తుంగ, తుమ్మి, పల్లేరు, నేల ఉసిరి, విష్ణుకాంత కనిపించాయి. పేరు తెలియనివి ఇంకో ఐదారు. విష్ణుకాంత పువ్వు చిటికెన వేలి గోరంత ఉంటుంది. మోకాలెత్తు గడ్డి కింద దానికి ఎండ ఎలా తగులుతుంది?

కిటుకంతా ఆ ఎండలోనే ఉంది. ఆరు ఖండాల్లో 40 గడ్డినేలల్లో ఎరువు వేసి, కంచె కట్టి చూసిన అధ్యయనం ఒకటి 2014లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ఎరువు పడ్డ చోట మొక్కల రకాలు తగ్గాయి. పశువులో జింకలో మేసి నేలకు వెలుతురు తగలనిచ్చిన చోట రకాలు నిలబడ్డాయి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి ఒక పచ్చికబయలు మీద ప్రయోగం సాగుతోంది. ఎరువు వేయని మడుల్లో 40 దాకా రకాలున్నాయి. సున్నం లేకుండా ఏటా అమ్మోనియం సల్ఫేట్ (యూరియాలాగే నత్రజని ఎరువు) వేసిన మడుల్లో రెండు మూడే మిగిలాయి.

మన పెద్దలు ఈ లెక్కలు చూడలేదు గానీ పని సరిగ్గా చేశారు. పగలంతా బీడులో మేసిన మందను రాత్రి చేలో కట్టేవారు. ఎరువు చేనికి దక్కేది, బీడు బక్కనేలగానే ఉండేది. అందుకే అక్కడ ఏ ఒక్క మొక్కా మిగతావాటిని తొక్కేసి పెరగలేదు. సారం ఒకేచోట పోగుపడితే ఏమవుతుందో మా పాత దొడ్డి స్థలం చూస్తే తెలుస్తుంది. ముళ్ల తోటకూర, ఉమ్మెత్త తప్ప ఇంకేం లేవు.

మందను ఎంతైనా తోలుకోమని నేను అనడం లేదు. వానలు తక్కువ పడే మా సీమలో రోజూ ఒకేచోట మేపితే, గొర్రె ఇష్టపడే గడ్డి గింజ పట్టకముందే పోతుంది. చివరికి గొర్రె ముట్టని తంగేడు మిగులుతుంది. తొలకరి తర్వాత కొన్ని వారాలు ఒక పక్క వదిలేసి, ఇంకో పక్క మేపుకోవాలి. ఆ వంతు ఎలా వేయాలో మా కాపరులకు తెలుసు. వాళ్లను అడిగిన వాళ్లే లేరు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. రెండు చోట్లా కలిపి మూడున్నర కోట్లకు పైనే. ఇవన్నీ మేసే నేలను మాత్రం కాగితాల్లో బంజరు అని రాసి, గుంతలు తీసి చెట్లు నాటుతున్నాం. మా జిల్లా రోళ్లపాడులో గడ్డినేలల్లో బతికే బట్టమేక పక్షి కోసం 1988లోనే అభయారణ్యం పెట్టారు. గడ్డినేలను కూడా అడవిలాగే కాపాడాలని అప్పుడే ఒప్పుకున్నప్పుడు, ఊరి బీడుకు ఆ విలువ ఎందుకు ఇవ్వరు?

వచ్చే తొలకరిలోపు మా ఊరి కంచెకు గేటు పెట్టించాలని, యూరియా ఆపాలని, మేత వంతుల గురించి గ్రామసభలో కాపరులతో మాట్లాడాలని అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా