నా నవలకు చేయూతనిచ్చిన అందరికీ వందనాలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

కోపిష్ఠి తండ్రి గురించి నేను రాస్తున్న నవల, ఆయన ప్రార్థనలో కూలబడి ఏడ్చే ఘట్టం దగ్గర ఆగిపోయిందని, సాయం చేయమని అడిగాను. ఒకరో ఇద్దరో పలుకుతారనుకున్నాను. ఇంతమంది పలికారు, అదీ అధ్యాయాలన్నీ చదివి మరీ!

ముందుగా పాస్టరుగారికి. తండ్రి ఏడవగానే ఇంటిల్లిపాదీ క్షమించేస్తే సరిపోతుందా అని అడిగితే, ఆయన ఔననలేదు, కాదనలేదు. బైబిల్లో, అన్నలే బానిసగా అమ్మేసిన యోసేపు కథలో ఏళ్ళు లెక్కపెట్టమన్నారు. కథ మొదలయ్యేసరికి అతనికి 17 ఏళ్ళు. ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలిచేనాటికి 30. ఆపైన సమృద్ధి ఏళ్ళు 7, కరవు ఏళ్ళు 2. అన్నలకు తానెవరో చెప్పేసరికి దాదాపు 39 అన్నమాట. ధాన్యం కోసం వాళ్ళు తన దగ్గరకు వచ్చాక, ఆ మాట చెప్పేలోగా ఏం చేశాడు? వేగులవాళ్ళని నింద వేశాడు, 3 రోజులు కావలిలో పెట్టించాడు, పక్కకు వెళ్ళి ఏడ్చాడు, తిరిగొచ్చి వాళ్ళలో ఒకడైన షిమ్యోనును బంధించాడు. సండే స్కూల్లో మా ధ్యాసంతా తండ్రి అతనికి కుట్టించిన ఆ విచిత్రమైన నిలువుటంగీ మీదే ఉండేది, ఇదెవరు పట్టించుకున్నారు! నా నవలకు కావలసిన కాలం, తడబాటు ఆదికాండం 42 నుంచి 45 దాకా ఉన్నాయి.

తన తండ్రి గురించి రాసిన అక్కా, మీరు ఒప్పుకున్నారు కాబట్టే ఈ ఒక్క మాట. ఆయన నిజంగానే మారారు, అయినా గేటు చప్పుడవగానే పుస్తకం మూసి లేచి నిలబడే అలవాటు మీకు ఏళ్ళ తరబడి పోలేదన్నారు. నా కథలో కూతురు ఇప్పుడు అలాగే లేచి నిలబడుతుంది. ఆ తండ్రి అది చూస్తాడు. నవల మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ అదే.

కౌన్సెలర్‌గా పనిచేస్తున్న సోదరి నా కథను గట్టిగానే నిలదీశారు. కోపం కింద చాలాసార్లు భయమో అవమానమో దాగి ఉంటుందని, నోరు లేవకముందే దవడ బిగుసుకుని ఊపిరి వేగం పెరుగుతుందని చెప్పారు. నా కథలో తండ్రి తనలో ఆ గుర్తులు పట్టడం నేర్చుకోవాలి, ప్రార్థన ఆ పనిని తప్పించదు అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: 'సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు' అన్న ఎఫెసీ 4:26ను దెబ్బలు తిన్నవాళ్ళ నెత్తిన గడువులా పెట్టొద్దు, క్షమించడం వేరు, మళ్ళీ అదే ఇంట్లోకి వెళ్ళడం వేరు. సంఘాల్లో ఈ మాట ఇంకా గట్టిగా వినబడాలని నాకనిపిస్తుంది.

ముగింపు సంగతి తేల్చింది మాత్రం లూకా 15లోని తప్పిపోయిన కుమారుడి కథ గుర్తుచేసిన అన్నగారు. తిరిగొచ్చిన తమ్ముడికి విందు చేశారని పెద్ద కుమారుడు కోపంతో బయటే నిలబడ్డాడు, తండ్రి వెళ్ళి బతిమాలాడు. లోపలికి వచ్చాడో లేదో యేసు చెప్పలేదు. నా కథలో కొడుకు కూడా ఫోన్ ఎత్తుతాడు, అంతే. ఏమంటాడో రాయను.

చివరి అధ్యాయం చూసిపెడతామన్న ఇద్దరికీ వచ్చే వారం పంపిస్తాను. మొహమాటపడకుండా కొట్టివేతలు పెట్టండి.