కేస్ షీటులో ఖాళీగా వదిలిన గడి: ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి నమస్కారాలు.

రెండుసార్లు అర్జీ ఇచ్చాను, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మా అమ్మకు పెన్సిలిన్ పడదు. చేర్చుకునేటప్పుడే ఆ మాట చెప్పాం. ఓపీ చీటీ మీద కూడా ఉంది. కేస్ షీటులో మాత్రం అలర్జీ గడి ఖాళీగా వదిలేశారు. రాత్రి డ్యూటీ డాక్టరుగారు ఆ కాగితాన్నే నమ్మి, పెన్సిలిన్ కుటుంబానికే చెందిన ఆంపిసిలిన్ ఇంజెక్షన్ రాశారు. నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరాడలేదు. అడ్రినలిన్ ఇచ్చి అమ్మను బతికించింది కూడా మీ సిబ్బందే. ఆ రుణం మరువను. కానీ డిశ్చార్జి సమ్మరీలో ఈ సంగతే లేదు. వయసు 62కు బదులు 26 అని ఉంది. రేపు మరో ఊళ్లో మరో డాక్టరు ఆ కాగితం చూసి అదే మందు రాస్తే?

ఒక్కో నర్సు ఎంతమందిని చూసుకుంటున్నారో కళ్లారా చూశాను. తప్పంతా వాళ్లదని అనలేను.

2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, అడిగిన 72 గంటల్లో రోగికి రికార్డులు ఇవ్వాలి. 40 రోజులైనా మాకు అందలేదు.

దయచేసి అమ్మ రికార్డు సరిచేసి ఇవ్వండి. పాత రాతను చెరపకుండా, సవరణ పక్కన తేదీ, సంతకం ఉండాలి. అలర్జీ గడి నింపని కేస్ షీటు వార్డుకు వెళ్లకూడదని, డ్యూటీ మారేటప్పుడు దాన్ని పైకి చదివి అప్పగించాలని రాతపూర్వకంగా ఆదేశించండి. 15 రోజుల్లో మీ జవాబు కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక రోగి కొడుకు