మీ ఖాతాల మార్పిడిలో జరిగిన తప్పులు, ఇప్పటిదాకా సరిచేసినవి

అందరికీ నమస్కారం.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని మా బియ్యం షాపు నుంచి రాస్తున్నాను. పోయిన సోమవారం పొద్దున మా నంబరు నుంచి మీకు 'మీ ఖాతా వివరాలు' అని ఒక వాట్సాప్ మెసేజ్ వచ్చింది. అందులో కొందరి బాకీ తప్పు, కొందరి అడ్వాన్సు తప్పు, కొందరి ఇంటి అడ్రసు తప్పు. ఆ మెసేజ్‌ని లెక్కలోకి తీసుకోకండి. అది చూసి ఎవరైనా డబ్బు పంపి ఉంటే మీ పేరునే జమ చేసి ఉంచాం, వెనక్కి కావాలంటే అడిగిన రోజే పంపిస్తాం. తప్పు నాదే, క్షమించండి. ఊరికే సారీ చెప్పి వదిలేస్తే సరిపోదు. ఇవి మీ డబ్బు లెక్కలు కాబట్టి ఏం జరిగిందో మొత్తం చెప్పాలి.

మా నాన్న షాపు పెట్టినప్పటి నుంచి రెండు పుస్తకాలు నడిపారు. ఏ రోజు పద్దులు ఆ రోజు వరసగా రాసేది చిట్టా. మనిషికొక పేజీ ఉండేది ఆవర్జా. చిట్టాలో ప్రతి పద్దు పక్కన ఆవర్జా పేజీ నంబరు వేసేవారు. ఆ నంబరు పడని పద్దు ఒక్కటి మిగిలినా రాత్రి షాపు కట్టేవారు కాదు. 2014లో నేను లెక్కలు ఎక్సెల్‌లోకి తెచ్చినప్పుడు, పేరు ఉంటే చాలు కదా, ఇంక పేజీ నంబరు ఎందుకని తీసేశాను. ఇప్పటి ఇబ్బందుల్లో సగం అక్కడే మొదలయ్యాయి.

పేరు ఒక్కటే ఉంటే చాలదు. ఒకే మనిషి ఒక షీటులో ఇంటిపేరు ముందు, ఇంకో షీటులో ఇంటిపేరు వెనక, మూడో షీటులో 'మూలాపేట పంతులు గారు' అని ఉన్నారు. ఆయన ఒక ఖాతాలో బాకీ, ఇంకో ఖాతాలో అడ్వాన్సు. బియ్యం పేర్లూ అంతే. బీపీటీ, 5204, సాంబ మసూరి మూడూ ఒకటే రకం, మా షీట్లలో మాత్రం మూడు రకాలు. ఫోన్ నంబరుతో మనిషిని గుర్తు పడదామంటే, ఇక్కడ అమ్మ తినే బియ్యానికి చెన్నైలో కొడుకు డబ్బు కడతాడు, ఇద్దరికీ ఒకటే నంబరు రాసి ఉంది. కిందటి సంక్రాంతికి ఒకే ఇంటికి రెండు సార్లు బస్తాలు పంపి, ఇంకో ఇంటికి అసలు పంపకపోయేసరికి ఇక షీట్లతో కాదని తేలిపోయింది.

అందుకే మా తమ్ముడి సాయంతో లెక్కలన్నీ డేటాబేస్‌లోకి మార్చాం. ఇందులో ఖాతాదారులకు ఒక పట్టిక, ఆర్డర్లకు ఒకటి, జమలకు ఒకటి. ప్రతి ఖాతాకి ఒక నంబరు ఉంటుంది, ఆర్డరు రాసినా జమ రాసినా ఆ నంబరు వేయాలి. లేని నంబరు వేస్తే ఆ పద్దును అసలు తీసుకోదు. ఇలా పట్టికలుగా విడదీసి, నంబర్లతో కలిపే పద్ధతిని 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే ఆయన ఒక వ్యాసంలో వివరించారట. తమ్ముడు ఇదంతా చెప్తుంటే నాన్న విని, "ఇది ఆవర్జా పేజీ నంబరే కదమ్మా" అన్నారు. నిజంగా అదే.

పద్ధతి మంచిదే. ఎక్కించడంలో తొందరపడ్డాం. ఆదివారం రాత్రి షీట్లన్నీ సీఎస్‌వీ ఫైళ్ళుగా, అంటే ఉత్త అక్షరాలే ఉండే ఫైళ్ళుగా సేవ్ చేసి, మేం వాడే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోకి ఎక్కించాం. షీట్లలో 6,218 వరుసలు ఉన్నాయి, అక్కడ కూడా 6,218 కనిపించాయి. సరిపోయిందని పడుకున్నాం. పొద్దున ఏడింటికి మెసేజ్‌లు వాటంతట అవే వెళ్ళిపోయాయి.

ఎనిమిదిన్నరకి రంగనాయకులపేట నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కూతురి పెళ్ళికి పాత బియ్యం చెప్పి, 1,25,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చి ఉన్నారు. ఫోన్ నా ముందు పెట్టారు. 'అడ్వాన్సు: 1 రూపాయి' అని ఉంది. తర్వాత చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి కౌంటరు మీద పరిచారు. నాన్న చేతిరాత, అంకె కింద రెండు గీతలు, పక్కన సంతకం. "నాకు మీ మీద నమ్మకం ఉందమ్మా, కానీ మా ఇంటామె పొద్దుటి నుంచి టెన్షన్ పడతా ఉంది" అన్నారు. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

లక్షా పాతికవేలు ఒక్క రూపాయి ఎలా అయిందంటే, ఎక్సెల్ సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు గడిలో ఎలా కనిపిస్తుందో అలాగే రాస్తుంది. మన పద్ధతిలో కామాలు పెట్టిన 1,25,000 కామాలతోనే వెళ్ళింది. డబ్బు గడిలో అంకెలే ఉండాలని డేటాబేస్‌కి చెప్పి ఉన్నాం కాబట్టి, అది మొదటి కామా దాకా చదివి 1 అని రాసుకుంది. మామూలుగా అయితే ఇలాంటి వరుస రాగానే తప్పుందని ఆపేస్తుంది. ఫైలు ఎక్కించడానికి మేం వాడిన 'లోడ్ డేటా లోకల్' అనే దారిలో అవే తప్పులు ఉత్త వార్నింగ్‌లుగా మారతాయి, వరుస మాత్రం ఎక్కేస్తుంది. ఇన్ని వార్నింగ్‌లు వచ్చాయని తెర మీద చివరి వరుసలో చూపించింది. మేం చదవలేదు. పరీక్షగా చూసుకున్న ఏడెనిమిది ఖాతాలు వెయ్యి లోపువే, వాటిలో కామా లేదు, అందుకే అన్నీ సరిగ్గా కనిపించాయి.

ఖాళీ గడుల సంగతి కూడా ఇదే. రేటు ఇంకా తేలక నేను ఖాళీగా వదిలినవన్నీ సున్నా అయ్యాయి. మీలో 'బాకీ 0' అని మెసేజ్ వచ్చినవాళ్ళలో కొందరికి నిజంగానే బాకీ లేదు, కొందరికి లెక్క ఇంకా కట్టలేదు. వరుసలు లెక్కపెట్టే బదులు ఆ రాత్రే మొత్తం రూపాయలు కూడి చూసుకుని ఉంటే ఇవన్నీ అక్కడికక్కడే బయటపడేవి.

ఇంటి నంబర్ల సంగతి వేరు. అవి ఆదివారం చెడిపోలేదు, ఏళ్ళ కిందటే చెడిపోయాయి. మన డోర్ నంబర్లు రెండు గీతలతో ఉంటాయి కదా. ఎక్సెల్‌లో 24-6-12 అని కొడితే అది తేదీ అనుకుని 24-06-2012 చేసేస్తుంది. 24-16-12 అని కొడితే పదహారో నెల లేదు కాబట్టి అలాగే ఉంచుతుంది. అందుకే కొన్ని ఇళ్ళకే తప్పు వచ్చింది, ఇన్నాళ్ళూ మాకు తెలియలేదు. మా డెలివరీ అబ్బాయికి ఇళ్ళన్నీ తెలుసు, కాగితం చూడడు. ఆ గడిని 'టెక్స్ట్'గా మారిస్తే సరిపోతుందేమో అని మార్చాను, 41084 వచ్చింది. ఎక్సెల్ తేదీని 1900 జనవరి 1 నుంచి రోజుల లెక్కగా దాచుకుంటుంది, ఆ లెక్క అది. అడ్రసులు రాసే ముందే ఆ నిలువు గడులన్నీ టెక్స్ట్ చేసి ఉండాల్సింది. ల్యాండ్‌లైన్ నంబర్లలో 0861 ముందున్న సున్నా పోవడానికి కూడా కారణం ఇదే. తెలుగులో రాసిన పేర్లు మాత్రం ఆ రాత్రే ప్రశ్నార్థకాలుగా మారాయి. ఫైలు సేవ్ చేసేటప్పుడు తెలుగు అక్షరాలు కూడా పట్టే 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' రకం ఎంచుకోలేదు. అసలు షీటులో పేర్లు భద్రంగా ఉన్నాయి, అవి తిరిగి వచ్చేశాయి.

సోమవారం మధ్యాహ్నానికి ఎక్కించినదంతా తీసేసి, బుధవారం మళ్ళీ మొదటి నుంచి చేశాం. ఈసారి షీటులో ఉన్నది ఉన్నట్టు, అన్నీ ఉత్త అక్షరాలుగా ఒక తాత్కాలిక పట్టికలోకి తెచ్చాం. కామాలు తీసి, తేదీలు సరిచేసి, ఖాళీని ఖాళీగానే ఉంచి, అప్పుడు అసలు పట్టికల్లోకి పంపాం. అది కూడా మొత్తం ఒకే లావాదేవీగా. చివర్లో బాకీల మొత్తం, అడ్వాన్సుల మొత్తం షీటుతో రూపాయితో సహా కలిస్తేనే ఖాయం, లేకపోతే మొత్తం వెనక్కి. రెండు సార్లు వెనక్కి తీసుకున్నాం. మూడోసారి కలిసింది. కలిశాక కూడా నాన్న ఊరుకోలేదు. పాత ఆవర్జాలు దించి, పదివేలు దాటిన ప్రతి ఖాతా తను చదువుతుంటే నేను తెర మీద టిక్ పెట్టాను. రెండు రాత్రులు పట్టింది. ఆ పనే ముందు చేయాల్సింది.

బస్తాల లెక్కలో ఒక చిక్కు వచ్చింది. అది తెలియాలి మీకు, ఎందుకంటే పాత బిల్లు అడిగితే తేడా కనిపించవచ్చు. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి, 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ వచ్చింది. అప్పటి నుంచి మన దగ్గర 26 కిలోల బస్తాలు వచ్చాయి. మేం బస్తా బరువును రకం పేరు పక్కన ఒక్క చోటే రాసి 26 అని మార్చేసరికి, అంతకు ముందు కొన్న 25 కిలోల బస్తాలు కూడా పాత బిల్లుల్లో 26 అయిపోయాయి. ఇప్పుడు బరువు, రేటు ఏ బిల్లుకా బిల్లులోనే ఉంటాయి. కోవూరు, బుచ్చి వైపు నుంచి వడ్లు ఇచ్చి బియ్యం తీసుకునే రైతులకు కూడా ఒక మాట. షీటులో '2' అని మాత్రమే ఉన్న చోట అది రెండు పుట్లో, రెండు బస్తాలో మాకు తేలలేదు. పుట్టి అంటే 850 కిలోలు, పొరపాటు పడితే చిన్న తేడా కాదు. అలాంటి పద్దులన్నిటికీ నేనే ఫోన్ చేసి అడుగుతున్నాను. ఇక నుంచి పరిమాణం పక్కన కిలోలా, బస్తాలా, పుట్లా అన్నది రాయకపోతే డేటాబేస్ తీసుకోదు.

ఊరి పేరు, జిల్లా కూడా ఒక్క చోటే ఉండేలా చేశాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు ఖాతాలు కొన్నిటికి ప్రకాశం, కొన్నిటికి నెల్లూరు అని ఉండిపోయాయి. హద్దులు మళ్ళీ ఎప్పుడు మారినా ఇక ఒక్క గడి మారిస్తే చాలు.

ఎక్సెల్ పూర్తిగా మానలేదు. నాన్నకి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆ రోజు పద్దులు ప్రింటు కావాలి, డేటాబేస్ నుంచి షీటులోకి తీసి ఇస్తున్నాం. అయితే అది చూడడానికే. షీటులో దిద్ది మళ్ళీ డేటాబేస్‌లోకి ఎక్కించడం ఉండదు. దిద్దాలంటే డేటాబేస్‌లోనే దిద్దాలి, ఎవరు ఎప్పుడు దిద్దారో అందులో పడుతుంది.

ఆదివారం మీకు కొత్త మెసేజ్ వస్తుంది, అందులో మీ ఖాతా నంబరు ఉంటుంది. బాకీ, అడ్వాన్సు, డోర్ నంబరు మూడూ చూసి, సరిగా ఉంటే 'సరే' అని, తేడా ఉంటే తేడా ఏమిటో రాయండి. మీ దగ్గర చీటీ గానీ, డబ్బు పంపిన ఫోటో గానీ ఉంటే మా కంప్యూటర్ ఏం చెప్పినా అదే లెక్క. కాగితం లేకపోతే షాపుకి రండి, ఆవర్జా తీసి ఇద్దరం కూర్చుని చూద్దాం. ఈ వారం ఎవరినీ బాకీ అడగం. బస్తాలు మామూలుగానే వస్తాయి. పెళ్ళి బియ్యం శుక్రవారం పొద్దున బండిలో వెళ్ళిపోయాయి, రసీదు మళ్ళీ కొత్తగా రాసి నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళి అమ్మగారి చేతికి ఇచ్చి వచ్చాను.

ఒక్క విషయం మాత్రం మా చేతుల్లో లేదు. చెన్నై ఖాతాదారుల షీటులో ఫోన్ నంబర్లు ముందు 91 కలిపి రాశాం. పన్నెండు అంకెలు అయ్యేసరికి ఎక్సెల్ వాటిని 9.19E+11 లాగా కుదించి చూపించింది, సీఎస్‌వీలో కూడా అలాగే పడ్డాయి, ఆ ఒక్క షీటుకి మాత్రం అసలు ఎక్సెల్ కాపీ మిగల్లేదు. 23 మంది నంబర్లు పోయాయి. పేర్లు, వీధులు, లెక్కలు అన్నీ ఉన్నాయి. మీరు చెన్నైలో ఉండి, ఆదివారం రాత్రికి మా మెసేజ్ రాకపోతే ఆ 23 మందిలో మీరు ఒకరు. దయచేసి పాత బిల్లు మీదున్న షాపు నంబరుకి ఒక్క ఫోన్ చేయండి. పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా నేనే ఎత్తుతాను.