డాల్ఫిన్లు, ట్యూనా డబ్బాలు, ఒక తెగని తగాదా

ఒరేయ్ మిత్రమా,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ కులాసాయేనా? మొన్న ఫోన్‌లో నువ్వొక మాటన్నావు: "వ్యాపార ఒప్పందాలున్న చోట మూగజీవాలకి దిక్కుండదు, తగాదా వస్తే చివరికి సరుకే గెలుస్తుంది" అని. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగమే నన్ను పట్టుకుని వదల్లేదు. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నాను. పొడుగవుతుంది, తీరిక చేసుకుని చదువు.

కోర్టు సంగతి తర్వాత, ముందు సముద్రం దగ్గర మొదలుపెడతాను. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న తూర్పు పసిఫిక్ వెచ్చని నీళ్లలో ఎల్లోఫిన్ ట్యూనా చేపలు డాల్ఫిన్ల గుంపుల కింద కలిసి తిరుగుతాయి. చేప పైకి కనబడదు. డాల్ఫిన్ మాత్రం ఊపిరి కోసం పైకి రాక తప్పదు. దాంతో డాల్ఫిన్ కనబడితే కింద ట్యూనా ఉన్నట్టే అని వేటగాళ్లు కనిపెట్టేశారు. 1950ల చివరి నుంచి పర్స్ సీన్ వలలతో ఇదే పద్ధతి పట్టుకున్నారు. హెలికాప్టర్ పైనుంచి గుంపుని చూసి చెబుతుంది. స్పీడ్ బోట్లు డాల్ఫిన్లని తరిమి తరిమి ఒకచోటికి చేరుస్తాయి. అప్పుడు పెద్ద ఓడ కిలోమీటరుకి పైగా పొడవున్న వలని వాటి చుట్టూ తిప్పి, సంచి మూతి తాడు బిగించినట్టు అడుగున కేబుల్ లాగేస్తుంది. కింద ట్యూనా, పైన డాల్ఫిన్లు, అన్నీ లోపలే. వలలో చిక్కుకున్న డాల్ఫిన్ పైకి రాలేక, ఊపిరాడక చచ్చిపోతుంది. ఆ పద్ధతి మొదలైనప్పటి నుంచి అలా పోయినవి 60 లక్షలకి పైనే అని అంచనా. ఆ అంకె మొదటిసారి చదివినప్పుడు నాకు నోట మాట రాలేదు.

అమెరికాలో జనం గోల పెట్టాక 1972లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన డాల్ఫిన్లు బతకలేదు. వాటిని బతికించింది ఓడ మీద నేర్చుకున్న పని. దాన్ని 'బ్యాక్ డౌన్' అంటారు. వల బిగించాక కెప్టెన్ ఓడని వెనక్కి నడుపుతాడు. వల సాగి, దూరపు చివర తేలే బెండ్ల వరుస నీళ్లలోకి కుంగుతుంది. అక్కడ దారి తెరుచుకుని డాల్ఫిన్లు దాని మీదుగా బయటికి పోతాయి, ట్యూనా అడుగునే ఉంటుంది. ఆ చివర వాటి మూతులు ఇరుక్కోకుండా సన్న కన్నుల వల ముక్క ఒకటి కుడతారు. శాన్ డియాగో కెప్టెన్ హెరాల్డ్ మెడీనా తయారు చేశాడు కాబట్టి దాన్ని మెడీనా ప్యానెల్ అంటారు. అప్పటికీ మిగిలిపోయిన డాల్ఫిన్లని మనుషులు చిన్న బోట్లలో వెళ్లి, చేతులతో పట్టుకుని బయటికి దాటిస్తారు. డాల్ఫిన్ల చావుకి కారణమైనవాళ్లే వాటిని కాపాడే పని కూడా నేర్చుకున్నారు. ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది ఈ ముక్క వదిలేస్తారు. నాకు అది అన్యాయమనిపిస్తుంది.

అమెరికా ఓడల్లో చావులు తగ్గాయి. ఈలోగా మెక్సికో లాంటి దేశాల ఓడలు పెరిగాయి. ఒక్క 1986లోనే ఆ సముద్రంలో 1,33,000 దాకా డాల్ఫిన్లు చనిపోయాయి. మరుసటేడు శామ్ లబడ్ అనే జీవశాస్త్రవేత్త పనామా జెండా ఉన్న ట్యూనా ఓడలో పనికి కుదిరి, వంట చేస్తూ వీడియో తీశాడు. 1988లో అది టీవీలో రాగానే అమెరికా అట్టుడికింది. 1990 ఏప్రిల్‌లో అక్కడి మూడు పెద్ద ట్యూనా కంపెనీలు డాల్ఫిన్లని చుట్టుముట్టి పట్టిన చేప ఇక కొనం అన్నాయి. డబ్బా మీద 'డాల్ఫిన్ సేఫ్' ముద్రకి అదే ఏడు చట్టం వచ్చింది. పర్యావరణ సంస్థలు వేసిన కేసులో కోర్టు ఆదేశంతో మెక్సికో ట్యూనా దిగుమతి కూడా ఆగింది.

నువ్వు చెప్పే 'సరుకు గెలిచిన' కథ ఇక్కడ మొదలవుతుంది. 1991లో మెక్సికో గాట్‌కి, అంటే డబ్ల్యూటీవోకి ముందున్న అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం కింద ఫిర్యాదుకి వెళ్లింది. ఆ సెప్టెంబర్‌లో విచారణ ప్యానెల్ మెక్సికో వైపే తీర్పిచ్చింది. డబ్బాలో ఉన్నది ట్యూనా, దాన్ని ఎలా పట్టారన్నది చూసి దిగుమతి ఆపడానికి లేదు, పైగా మీ సరిహద్దు బయటి జంతువుల్ని కాపాడే పేరుతో ఇంకో దేశం మీద ఆంక్ష పెట్టలేరు అంది. పర్యావరణం కోసం పనిచేసేవాళ్లు మండిపడ్డారు. నాకూ ఆ తీర్పులో ఆ రెండు వాదాలు ఇప్పటికీ మింగుడు పడవు. సముద్రానికి సరిహద్దేమిటి? చేపని ఎలా పట్టారన్నది పట్టించుకోకూడదంటే, డాల్ఫిన్ గురించి అడిగే చోటు ఇంకెక్కడుంది?

కానీ ఆ తీర్పులోనే ఇంకో ముక్క ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అమెరికా చట్టం మెక్సికోకి పెట్టిన లెక్క ఏమిటో తెలుసా? ఒక కాలంలో అమెరికా ఓడలు వల వేసినప్పుడు సగటున ఎన్ని డాల్ఫిన్లు చనిపోయాయో, మెక్సికో ఓడల సగటు దానికి 1.25 రెట్లు దాటకూడదు. అదీ అదే కాలానికి! అంటే ఆ కాలం గడిచి అమెరికా లెక్క తేలేదాకా మెక్సికో కెప్టెన్‌కి తన హద్దు ఎంతో తెలియదు. ఇవాళ సముద్రం మీద ఉన్నవాడు ఎప్పుడో తేలబోయే అంకెకి ఇవాళే ఎలా లోబడతాడు? ముందుగా తెలిసే వీల్లేని ఇలాంటి షరతు డాల్ఫిన్ల రక్షణకి అవసరమని ఒప్పుకోలేమని ప్యానెల్ అంది. ఈ మాటకి మాత్రం నేను అడ్డు చెప్పలేను. నేను డాల్ఫిన్ పక్షమే. అయినా, పాటించాలనుకున్నవాడు కూడా పాటించలేని నియమం డాల్ఫిన్‌కి ఏం మేలు చేస్తుంది చెప్పు?

ఆ తర్వాత జరిగింది చూస్తే నా మాట నీకే అర్థమవుతుంది. ఆ గాట్ తీర్పుని అధికారికంగా ఆమోదించనే లేదు. అమెరికా, కెనడాలతో నాఫ్టా అనే వాణిజ్య ఒప్పందం చర్చలు నడుస్తున్నాయి కాబట్టి మెక్సికో గట్టిగా పట్టుబట్టలేదు. 1992లో ఆ సముద్రంలో వేటాడే దేశాలన్నీ కలిసి కాలిఫోర్నియాలోని లా హోయాలో ఒప్పందానికి వచ్చాయి. పెద్ద ఓడ ప్రతిదానికీ ఏడాదికి ఇన్ని డాల్ఫిన్ల చావులకి మించకూడదని ముందే హద్దు. అది దాటితే ఆ ఓడ మళ్లీ ఆ ఏడాది డాల్ఫిన్ల చుట్టూ వల వేయకూడదు. ఓడలో ఒక పరిశీలకుడు ఉండి ప్రతి వల దగ్గరా లెక్క రాస్తాడు. ఇప్పుడు కెప్టెన్‌కి తన కోటా తెలుసు, ఇంకెన్ని మిగిలాయో కూడా తెలుసు. బ్యాక్ డౌన్ జాగ్రత్తగా చేస్తే తనకే లాభం. 1993 నాటికి చావులు సుమారు 3,600కి పడిపోయాయి. 1998లో అదే ఒప్పందం మొత్తం మీద ఏడాదికి 5,000 అనే హద్దుతో గట్టిపడింది. ఆ తర్వాత ఏళ్లలో లెక్క 1,000 లోపుకి కూడా దిగింది. లక్షా ముప్ఫై వేల నుంచి వెయ్యి లోపుకిరా! ఇది దిగుమతి నిషేధం ఒక్కదాని వల్ల రాలేదు, గాట్ వల్లా రాలేదు. నిషేధం భయం పెట్టింది, తగాదా అందర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది, పని ఓడ మీద జరిగింది.

అంతా బాగైపోయిందని అనడం లేదు. చావులు అంత తగ్గినా డాల్ఫిన్ల జనాభా అనుకున్నంత వేగంగా పుంజుకోలేదని పరిశోధకులు చూశారు. వలలో చనిపోయిన పాలిచ్చే తల్లుల సంఖ్యకి సరిపడా పిల్లలు వలలో దొరకలేదు. తరిమేటప్పుడే పిల్లలు తల్లుల నుంచి విడిపోయి ఉంటాయని వాళ్ల అనుమానం. పరిశీలకుడి కాగితం మీద ఒక చావు అని ఉన్నచోట, దూరంగా ఎక్కడో తల్లి లేని పిల్ల ఇంకొకటి ఉండొచ్చన్న మాట. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలచివేసింది ఇదే.

ఇక ముద్ర గురించి. 'డాల్ఫిన్ సేఫ్' ముద్ర మీద 2008లో మెక్సికో మళ్లీ, ఈసారి ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోకి వెళ్లింది. దాని వాదన ఇది: నా ఓడలో పరిశీలకుడు ఉండి, ఒక్క డాల్ఫిన్ కూడా చావలేదని రాసిచ్చినా నాకు ముద్ర ఇవ్వరు. వేరే సముద్రాల్లో పరిశీలకుడే లేని ఓడ కెప్టెన్ సంతకం చేస్తే చాలు, ముద్ర ఇస్తారు, అక్కడ డాల్ఫిన్లు చావడం లేదా? 2012లో డబ్ల్యూటీవోలో అప్పీళ్లు వినే అప్పీలేట్ బాడీ ఇందులో న్యాయం ఉందంది. డాల్ఫిన్లని కాపాడటం తప్పనలేదు, ముద్రా తీసేయమనలేదు. ఒక సముద్రానికి కఠినంగా, ఇంకో సముద్రానికి మెత్తగా ఉండటం కుదరదంది. అమెరికా 2013లో ఒకసారి సవరించింది, చాలలేదు. 2017లో మెక్సికోకి ఏడాదికి 16.3 కోట్ల డాలర్ల దాకా ఎదురు సుంకాలు వేసుకునే హక్కు దొరికింది. ఈలోగా అమెరికా 2016లో మళ్లీ సవరించి, వేరే సముద్రాల్లో ప్రమాదం ఎక్కువున్న చోట కూడా నిబంధన బిగించింది. 2018 డిసెంబర్‌లో ఆ ముద్ర నిలబడింది. పదేళ్ల తగాదా తర్వాత ముద్ర ముందుకన్నా మెరుగ్గా తేలింది. దీన్ని సరుకు గెలుపంటావా?

రొయ్యలు, తాబేళ్ల కేసు నీకు తెలిసిందే. తాబేళ్లు చావకుండా జాగ్రత్త తీసుకోని వలలతో పట్టిన రొయ్యల దిగుమతిని అమెరికా ఆపితే, ఇండియా, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి వేశాయి. అందులో 1998లో వచ్చిన తీర్పూ ఇదే దారి. తాబేళ్లని కాపాడొచ్చు, కానీ కరీబియన్ దేశాలతో కూర్చుని మాట్లాడి, ఆసియా దేశాలతో మాట్లాడకుండా నిషేధం పెట్టడం కుదరదు అంది. యూరప్ 2009లో సీల్ ఉత్పత్తుల అమ్మకం ఆపినప్పుడు కెనడా, నార్వే అభ్యంతరం చెప్పాయి. అక్కడా 2014లో ప్రజల నైతిక భావనలు తగిన కారణమేనని ఒప్పుకున్నారు. తప్పు పట్టింది ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్ ప్రజలకిచ్చిన మినహాయింపు అమలు తీరుని. అది గ్రీన్‌లాండ్ ఇన్యూట్‌లకి అందింది, కెనడా ఇన్యూట్‌లకి ఆచరణలో అందలేదు. వేట మీదే బతికే వాళ్లకి అదెంత పెద్ద సంగతో ఆలోచించు. యూరప్ 2015లో దాన్ని సరిదిద్దింది.

ఇంక నీ మాట నిజమైన చోటు చెబుతాను. వాకీటా. కాలిఫోర్నియా అఖాతం పై కొసన, మెక్సికో నీళ్లలో తప్ప ఎక్కడా లేని చిన్న పోర్పస్, అంటే డాల్ఫిన్‌కి దగ్గరి చుట్టం. పొడవు మీటరున్నర ఉంటుంది, కళ్ల చుట్టూ నల్లని మచ్చలు. 1997లో సుమారు 570 ఉండేవి, 2015కి 60 దాకా మిగిలాయి, ఇప్పుడు పది అటూ ఇటూ. దాన్ని ఎవరూ వేటాడరు. రొయ్యల కోసం, తొతోవాబా అనే చేప కోసం నీళ్లలో గోడలా నిలబెట్టే గిల్ నెట్ వలల్లో చిక్కి చస్తుంది. తొతోవాబా లోపలి గాలి తిత్తికి చైనాలో విపరీతమైన ధర. తొతోవాబా వేట 1975 నుంచే నిషేధం, అయినా దొంగతనంగా సాగుతూనే ఉంది. 2018లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కోర్టు ఆ ప్రాంతంలో గిల్ నెట్లతో పట్టిన రొయ్యలు, చేపల దిగుమతి ఆపమంది. 2022లో అమెరికా ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం కింద మెక్సికోని చర్చలకి పిలిచింది. ఆ ఏడాదే మెక్సికో నౌకాదళం వాకీటాలు తిరిగే చోట కొక్కేలున్న కాంక్రీటు దిమ్మెలు సముద్రంలో దించింది, వల వేస్తే అందులో చిక్కి చిరిగిపోవాలని. నాకు తోచినంతలో చట్టాలన్నిటికన్నా ఆ దిమ్మెలే ఎక్కువ పని చేశాయి. దిగుమతి నిషేధం రొయ్యలు పట్టే మామూలు జాలరికి తగిలింది. తొతోవాబా తిత్తి మాత్రం ఏ కస్టమ్స్ కాగితమూ లేకుండా దొంగదారిన పోతుంది. మామూలు జాలరికి కూడా గిల్ నెట్ బదులు వేరే వల, వేరే బతుకుతెరువు వేళకి అందలేదు. నిషేధం ముందు వచ్చింది, దారి తర్వాత చూపించారు. అక్కడే దెబ్బతింది.

ఇదంతా పాత కథే అనుకోకు. 1972 చట్టంలోనే ఇంకో వాక్యం ఉంది: సముద్ర క్షీరదాలు అమెరికా ప్రమాణాలకి మించి చనిపోయేలా పట్టిన చేప ఏ దేశానిదైనా దిగుమతి చేసుకోకూడదని. ట్యూనాకి తప్ప దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 2016లో దానికి నిబంధనలు రాశారు, గడువు మీద గడువు జరిపి చివరికి 2026 జనవరి 1 దగ్గర ఆగారు. అంటే ఇప్పుడు అమెరికాకి చేప అమ్మే ప్రతి దేశమూ తన చేపల వేటలో ఎన్ని డాల్ఫిన్లు, తిమింగలాలు, సీళ్లు పోతున్నాయో లెక్క చెప్పాలి, తగ్గించే ఏర్పాటు చూపాలి. ఇది చూసి నాకు సంతోషమూ ఉంది, టెన్షనూ ఉంది. హద్దు ముందే చెబుతున్నారు, అది మంచిదే. కానీ పసిఫిక్ ట్యూనా ఓడ వేరు, పరిశీలకుడికి కూర్చునే చోటు కూడా లేని చిన్న పడవ వేరు. పెద్ద ఓడలున్న దేశం పరిశీలకుల్ని పెట్టుకుంటుంది. వేలకి వేలు చిన్న పడవలున్న పేద దేశం ఆ లెక్క ఎవరితో రాయిస్తుంది, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? కొనే దేశం కొంత భరించాలని నా అభిప్రాయం. నిబంధన పెట్టింది వాళ్లే కదా. నువ్వు దీనికి ఒప్పుకోవని నాకు తెలుసు. ఎందుకు ఒప్పుకోవో మాత్రం ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాసి పంపు.

ఉంటాను మరి. ఆరోగ్యం జాగ్రత్త.

నీ
నేస్తం