మా పాత జేసీబీని నిలబెట్టిన ముగ్గురికీ కృతజ్ఞతలు

నమస్తే అండి. ఆయిల్ కారి ఆగిపోయిన మా 2006 మోడల్ జేసీబీ మళ్లీ పనిలోకి దిగింది. మొన్న సబ్బవరం వైపు సెప్టిక్ ట్యాంకు గొయ్యి తవ్వి వచ్చాక రాత్రి బండి కింద అట్టలు పరిచాం. తెల్లారి చూస్తే ఒక్క చుక్క ఆయిల్ లేదు. దీనికి ముగ్గురు కారణం. పేర్లు రాయొద్దన్నారు గానీ, గాజువాక ఆటోనగర్‌లో తిరిగేవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు.

ముందుగా మేస్త్రి గారు. డెబ్బై దాటిన మనిషి. మా ఆపరేటర్ ఆయిల్ కారుతున్న హోస్ (రబ్బరు గొట్టం) చూపించి "ఇదే బాబాయ్" అంటే ఆయన అటు చూడనైనా లేదు. "ముందు బండి కడగండి బావూ" అన్నారు. జిడ్డంతా డీజిల్‌తో తుడిచి, నీళ్లు కొట్టి, ఆరాక బూమ్ (తవ్వే పొడుగు చెయ్యి) లేపితే అప్పుడు బయటపడింది అసలు సంగతి. హోస్ బాగానే ఉంది. దాని పైనున్న ఇనప పైపు క్లాంపు కింద తుప్పు పట్టిపోయింది. మనది సముద్రపు గాలి, బండి సగం రోజులు భీమిలి వైపే ఉంటుంది. క్లాంపు సందులో మట్టి చేరితే ఆ తడి ఆరదు. పైకి పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పైపు అప్పడంలా పలచబడుతుంది. అక్కడ పడ్డ సూదిమొనంత బెజ్జంలోంచి ఆయిల్ పైపు వెంబడి జారి, కింగ్‌పోస్టు (బూమ్ పక్కలకి తిరిగే ఇరుసు) దగ్గర హోస్ మీదుగా కారుతోంది. హోసులన్నీ మార్చేయాల్సిందే అని మాకు ముందు చెప్పినవాళ్లు ఉన్నారు మరి!

ఆ బెజ్జం ఎక్కడో తడిమి చూద్దామని మా కుర్రాడు చెయ్యి పెట్టబోతే మేస్త్రి గారు వాడి రెక్క పట్టి లాగేశారు. అందులో ప్రెజర్ 200 బార్ పైమాటే. కంటికి కనపడని ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది, నొప్పి కూడా అంతగా ఉండదు, లోపల మాత్రం ఆయిల్ పాకిపోతుంది. వెంటనే ఆసుపత్రికి పరిగెత్తి ఆపరేషన్ చేయించుకోకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే పోతుంది. ఆయన అట్టముక్క దూరంగా పట్టుకుని చూపించారు, దాని మీద సన్నగా తడి గీత పడింది. ఆ తర్వాత బకెట్లు, జాక్‌లు నేలకి ఆనించి, ఇంజన్ ఆపి, లీవర్లన్నీ అటూ ఇటూ ఆడించి ప్రెజర్ దింపాకే స్పానర్ పట్టనిచ్చారు. వెల్డింగ్ పెట్టేద్దామంటే ససేమిరా అన్నారు. అతుకు పక్కనే మళ్లీ చిల్లు పడుతుంది, పొక్కులు ఊడి వాల్వుల్లోకి పోతాయట. సీమ్‌లెస్ (అతుకు లేని) పైపు తెప్పించి, పాతదాని వంపు చూసి వంచించారు.

రెండోవాడు హోస్ షాపు తమ్ముడు. ఆ పైపు చివర ఉన్న పొట్టి హోస్ ఎలాగూ విప్పాం కదా అని కొత్తది కొట్టించాం. పాత నట్టుకి గేజి పెట్టి చూసి, "ఇది బీఎస్‌పీ మర అన్నా, అంగుళాల కొలత. మెట్రిక్ మర వేస్తే రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది" అన్నాడు. ఎవరో ఎప్పుడో చుట్టిన టెఫ్లాన్ టేపుని పిన్నుతో ఓపిగ్గా గీకి తీశాడు. ఆ జాయింట్‌లో ఆయిల్‌ని ఆపేది లోపల ఒకదానికొకటి నొక్కుకునే కోను మొన, టేపు కాదు. ఊడిన టేపు ముక్క ఎక్కడ అడ్డుపడుతుందో చెప్పలేం. హోస్ కోశాక లోపల గాలి కొట్టి రబ్బరు పొడి దులిపి, చివరి ఫిట్టింగు మెషిన్‌తో నొక్కి బిగించాక (క్రింప్ చేశాక) వెర్నియర్‌తో కొలిచాడు. బిగించేటప్పుడు హోస్ మీద అచ్చువేసిన గీత మెలి తిరగకూడదని ఫోన్లో రెండుసార్లు గుర్తు చేశాడు. కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు.

ఇక పెందుర్తి అన్నయ్య. ఆయనకీ జేసీబీ ఉంది, ఒక్కోసారి ఒకే పనికి ఇద్దరం రేటు చెబుతాం. మా బండి ఆగిందని తెలిసి, మేం సగంలో వదిలేసిన డ్రైనేజీ కాలవ తన బండి పంపి పూర్తి చేయించాడు. డీజిల్ డబ్బులు తప్ప పైసా పుచ్చుకోలేదు. వానల ముందు పని ఆగితే పార్టీ (పని ఇచ్చినవాళ్లు) చెయ్యి దాటిపోతుందని ఈ లైన్లో అందరికీ తెలుసు. ఆ పార్టీ ఇంకా మాదే. అన్నయ్యా, నీ బండి ఎప్పుడు ఆగినా మాది నీ గుమ్మంలో ఉంటుంది, అర్ధరాత్రైనా సరే.

మేస్త్రి గారికి స్మార్ట్‌ఫోన్ లేదు. వాళ్ల మనవడు ఇది చూస్తే తాతయ్యకి చదివి వినిపించాలని మనవి. మిగతా క్లాంపులు కూడా విప్పి చూద్దామన్నారు కదా, వచ్చే ఆదివారం బండి ఖాళీగానే ఉంది. భోజనం మా ఇంట్లోనే అని కూడా చెప్పు నాన్నా.