అక్క సంస్మరణ సభ: ఆదివారం ఉదయం 10 గంటలకు

అందరికీ నమస్కారం.

మన వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లను కన్నబిడ్డలా చూసుకున్న అక్కను తలుచుకోవడానికి ఆదివారం ఉదయం 10 గంటలకు కింది హాల్లో కలుద్దాం.

మంచం పట్టినవాళ్లకు పుండ్లు పడకూడదని రాత్రిళ్లు కూడా 2 గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టేది. తినిపించాక పొలమారకుండా అరగంట కూర్చోబెట్టి, పక్కనే ఉండి కబుర్లు చెప్పేది. అంత ఓపిక నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

అక్కతో దిగిన ఫొటోలుంటే శుక్రవారం లోపు ఇక్కడే పెట్టండి.
మాట్లాడాలనుకునేవాళ్లు పేరు చెప్పండి, రెండు మూడు నిమిషాలు చాలు.
రాలేనివాళ్లు వాయిస్ మెసేజ్ పంపితే సభలో వినిపిస్తాం.
వీల్‌చైర్లలో పెద్దవాళ్లను తీసుకురావడానికి నలుగురు 9:30కే రావాలి. ఎవరు వస్తారు?

మర్చిపోవద్దు, అక్క పిల్లలు కూడా వస్తున్నారు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోండి.