అధికార రహస్యాల చట్టం సెక్షన్లు ఆర్మీ అకాడమీ మైదానంలోనే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆర్మీ సిగ్నల్స్‌లో హవల్దారుగా చేసి రిటైరైనాను. ఉండేది చంద్రగిరి దగ్గర పల్లెలో. మా అన్న మనవడు అగ్నివీరుగా చేరి, మొన్న మొదటిసారి లీవులో ఇంటికొచ్చినాడు. రాత్రి అన్నాలు తిన్నాక వసారాలో కూర్చుని ఫోన్లో ఫోటోలు చూపించినాడు. నలుగురు పిల్లోళ్లు నవ్వుతా నిలబడుండారు. వాళ్ల వెనక యూనిట్ బోర్డు, పక్కన రెండు బండ్లు, వాటి నంబర్లు. ఆ ఫోటోనే వాళ్లమ్మ వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకునుంది.

"అబ్బయా, ఇది తీసెయ్" అంటే, "ఏమైతాది తాతా, ఇంట్లోవాళ్లకే కదా పంపింది" అన్నాడు. అంతలో ఇంకో మాట బయటపడింది. ముక్కూమొహం తెలియని ఒకామె ఫేస్‌బుక్‌లో పరిచయం చేసుకుని, నెల దినాలుగా బాగోగులు అడిగి, ఇప్పుడు "మీ యూనిట్ ఎప్పుడు కదులుతుంది?" అని అడిగిందంట. వీడు జవాబివ్వలేదు, అదృష్టం. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2019 డిసెంబరులో గూఢచర్యం కేసులో ఏడుగురు నౌకాదళం పిల్లోళ్లను అరెస్టు చేసినప్పుడూ కథ ఇట్లాంటి పరిచయాలతోనే మొదలైందని పేపర్లలో చదివినాను.

1923 నాటి అధికార రహస్యాల చట్టం గురించి అందరికీ తెలిసింది ఒక్కటే, గూఢచారికి జైలు. దేశ భద్రతకు చేటు తెచ్చే ఉద్దేశంతో శత్రువుకు పనికొచ్చే సమాచారం సేకరించినా, చేరవేసినా మూడో సెక్షను. అది సైన్యానికీ రక్షణ స్థావరాలకూ సంబంధించిందైతే పద్నాలుగేళ్ల దాకా శిక్ష. మా పిల్లోళ్లకు తెలియాల్సింది అయిదో సెక్షను. అమ్ముకోవాలనే ఆలోచనే లేకపోయినా, తన దగ్గరున్న రహస్యాన్ని జాగ్రత్తగా కాపాడుకోకపోవడం కూడా అందులో నేరమే. మూడేళ్ల దాకా జైలు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకే కాదు, చేసి వచ్చినవాళ్లకూ వర్తిస్తుంది. నాలుగేళ్లకు ఇంటికొచ్చే అగ్నివీరులకు ఈ ముక్క ఎవరైనా తెలుగులో విడమరచి చెప్తుండారా?

శిక్ష గట్టిగా ఉండాల్సిందే. తెలిసి అమ్ముకున్నవాడి మీద నాకు జాలి లేదు. ఇస్లామాబాద్‌లోని మన దౌత్య కార్యాలయంలో పనిచేసి 2010లో పట్టుబడిన అధికారిణికి, ఎనిమిదేళ్లు విచారణ నడిచినాక 2018లో పడింది మూడేళ్లే. ఆ వార్త చదివిన రోజు మా మాజీ సైనికులం చాలా బాధపడినాం.

పత్రికలవాళ్లకూ ఒక మనవి. అరెస్టైన నాడే ఫోటో వేసి దేశద్రోహి అని రాయొద్దండీ. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను 1994లో అట్లాగే అరెస్టు చేసినారు. కేసులో పస లేదని 1996లోనే సీబీఐ తేల్చింది. సుప్రీంకోర్టు యాభై లక్షల పరిహారం ఇమ్మనేటప్పటికి 2018 వచ్చింది. శ్రీహరికోట మనకు కూతవేటు దూరం, అక్కడ పనిచేసేవాళ్ల కుటుంబాలు మన మధ్యే ఉండాయి.

తిరుపతి, చిత్తూరుల్లో తెల్లారుజామున పిల్లోళ్లను పరిగెత్తించే ఆర్మీ అకాడమీలు చాలా ఉండాయి. ఎత్తు, ఛాతీ కొలతలు, పరుగు, లెక్కలు అన్నీ నేర్పిస్తారు. ఈ రెండు సెక్షన్లకు ఒక గంట కేటాయించండి. అమ్మానాన్నలనూ పిలవండి, ఎందుకంటే స్టేటస్ పెట్టేది వాళ్లే. చెప్పేవాళ్లు లేరంటే నేనొస్తాను, బస్సు ఛార్జీ కూడా నాదే. ఆదివారాలు నాకు ఖాళీ.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా